దీవి లెక్కల్లో లేని ఆడవాళ్ళు

"రూపాయి మన డబ్బు కదా మేడమ్, మారిషస్‌లో ఎందుకుంది?"

ఆడపిల్లల జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే రోజుల్లో వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఆ రోజు చిన్న దేశాల వాణిజ్యం గురించి చెబుతూ నల్లబల్ల మీద ఒక పట్టిక గీశాను. మారిషస్ వరసలో నేను రాసింది ఇంతే: విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. రాజధాని పోర్ట్ లూయీ. స్వాతంత్ర్యం 1968 మార్చి 12. ముఖ్య ఎగుమతులు చక్కెర, తయారైన దుస్తులు. నాణెం రూపాయి. పిల్లలు తలొంచుకుని ఎక్కించుకుంటున్నారు. ఆ ఒక్క అమ్మాయి మాత్రం చివరి గడి దగ్గర ఆగిపోయింది.

నాకు జవాబు తెలియదు. "అదీ బ్రిటిష్‌వాళ్ళు ఏలిన దేశమేగా" అని దాటేశాను. బ్రిటిష్‌వాళ్ళు ఏలితే పౌండు ఉండాలి గానీ రూపాయి ఎందుకుంటుందని ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే నా పరువు అక్కడే పోయేది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎక్కడ ఏ పుస్తకం దొరికినా ఆ దీవి గురించి వెతుకుతూనే ఉన్నాను. రూపాయి సంగతి త్వరగానే తేలింది. అది నన్ను ఆ పట్టికలోని మిగతా గడుల్లోకి లాక్కుపోయింది. నేను పదేపదే రాయించిన ఆ వరసలో ఆడవాళ్ళు ఒక్క 'జనాభా' అనే మాట కిందే ఉన్నారని, మిగతా గడులన్నీ నిండింది కూడా వాళ్ళ చేతులతోనేనని అర్థం కావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ముందు రూపాయి సంగతి. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన అరవై వేలకు పైగా బానిసలకు విముక్తి అన్నారు. పరిహారం మాత్రం యజమానులకు ఇచ్చారు, రెండు మిలియన్ల పౌండ్లకు పైగా. బానిసలకు దక్కింది మరో నాలుగేళ్ళు 'అప్రెంటిస్' పేరుతో అదే యజమాని దగ్గర అదే పని. ఆ దీవి చక్కెరకు 1825 నుంచే ఇంగ్లండులో సుంకం తగ్గి ఉంది. తోటలు పెరుగుతున్నాయి, చేతులు కావాలి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ 36 మంది ఒప్పంద కూలీలను కలకత్తా నుంచి తెచ్చి దింపింది. పాలకులు దీన్ని 'గొప్ప ప్రయోగం' అన్నారు. ఆ ప్రయోగం ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సాగి, దాదాపు నాలుగున్నర లక్షల మందిని ఆ దీవికి చేర్చింది. 1860ల నాటికే అక్కడి జనాభాలో నూటికి అరవై మందికి పైగా భారతీయులు. వాళ్ళతోపాటు రూపాయలూ వెళ్ళాయి. బజారులో చెల్లుబాటయ్యే డబ్బును చట్టం కూడా ఒప్పుకోక తప్పలేదు. 1876లో రూపాయినే ఆ దేశపు నాణెంగా స్థిరపరిచారు. అంటే ఆ గడిలో ఉన్నది రాణిగారి నిర్ణయం కంటె ముందు కూలీల కొంగుముడి.

ఆ ఓడలు కలకత్తా, మద్రాసు, బొంబాయిల నుంచే కాదు, మన కోరంగి నుంచి కూడా బయల్దేరాయి. మాది గోదావరి పక్క ఊరు. చిన్నప్పుడు కోరంగి అంటే మడ అడవి, పీతలు, పడవలు. 1839 నవంబరు తుపానులో ఆ రేవు ఊడ్చుకుపోయిందని విన్నాను గానీ, ఆ రేవు నుంచి మనుషుల్ని ఎగుమతి చేశారని ఎవరూ చెప్పలేదు. తుపాను తర్వాత కూడా, 1843లో, 'కోరంగి ప్యాకెట్' అనే ఓడ తెలుగువాళ్ళను మారిషస్ చేర్చింది. అక్కడ తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అని పేరు పడిపోయింది. ఏ ఊరివాళ్ళయినా సరే, ఎక్కిన రేవే వాళ్ళ పేరు.

తొలి విడతలో ఆడవాళ్ళు చాలా తక్కువ. వేలాది మగవాళ్ళ మధ్య వాళ్ళ సంఖ్య వందల్లోనే ఉండేది. తోటల యజమానులకు ఆడవాళ్ళు అనవసరపు ఖర్చుగా కనిపించారు. తర్వాత ప్రభుత్వానికి వేరే భయం పట్టుకుంది. పెళ్ళాలు లేని మగవాళ్ళు తిరగబడతారు, గడువు తీరగానే వెనక్కి వెళ్ళిపోతారు. కాబట్టి నూరుమంది మగవాళ్ళకు ఇంతమంది ఆడవాళ్ళు ఉండి తీరాలని నిబంధనలు వచ్చాయి. ఆడదాన్ని ఓడ ఎక్కించాల్సిన కారణం ఆమె చేసే పని కాదు, ఆమె వల్ల మగవాడు కదలకుండా ఉంటాడని. ఇంతకంటె సూటిగా పితృస్వామ్యం తనను తాను కాగితం మీద రాసుకున్న సందర్భం నేను చూడలేదు.

చాలామంది స్త్రీల పేరిట కూలి ఒప్పందం ఉండేది కాదు. వాళ్ళు ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి. ఒప్పందం లేదు కాబట్టి జీతం లేదు, జీతం లేదు కాబట్టి పని లేదని లెక్క. మగవాడికి నెలకు ఐదు రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఆ కోతను ఎవరు పూడ్చారు? పెరట్లో కూరగాయలు వేసినదీ, ఆవును కట్టి పాలు అమ్మినదీ, ఆవుకు గడ్డి కోసుకొచ్చినదీ ఆడవాళ్ళే. ఆ దీవి అగ్నిపర్వతాల్లోంచి పుట్టింది. నేలనిండా నల్లరాళ్ళు. చెరకు నాటాలంటే ముందు రాళ్ళు ఏరాలి. ఏరిన రాళ్ళను పొలాల మధ్య కుప్పలుగా పేర్చారు. ఈనాటికీ చెరకు తోటల మధ్య ఆ కుప్పలు నల్లటి పిరమిడ్లలాగా నిలబడి ఉంటాయి. పర్యాటకులు ఫొటోలు తీసుకుంటారు.

అసలు ఫొటోలంటే కూలీలవే గుర్తుకొస్తాయి. 1860లలో ప్రతి వలస కూలీ తన ఫొటో అతికించిన చీటీ దగ్గర పెట్టుకోవాలని నియమం తెచ్చారు. అది లేకుండా రోడ్డు మీద దొరికితే 'దేశదిమ్మరి' అని జైల్లో పెట్టేవారు. 1867 చట్టం దీన్ని ఇంకా బిగించింది. ఈ వేధింపు మీద కూలీల తరఫున అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ 1871లో అర్జీ పెడితే, మరుసటి ఏడు రాయల్ కమిషన్ వచ్చింది. పోలీసు కోసం తీసిన ఆ ఫొటోలు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అచ్చయిన కొన్నిటిని చూశాను. ముక్కుపుడకలు, కడియాలు, తలమీద కొంగు, కెమెరా వైపు కోపంగా చూసే కళ్ళు. చరిత్రకారిణి మరీనా కార్టర్ 1994లో తెచ్చిన 'లక్ష్మీస్ లెగసీ' ఇలాంటి ఆడవాళ్ళ అర్జీలను, వాంగ్మూలాలను వెతికి తీసిన పుస్తకం. దాన్ని చదివాక, వాళ్ళు మాట్లాడలేదని కాదు, వాళ్ళు చెప్పింది ఏ పట్టికలోనూ ఎక్కలేదని తెలిసింది. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు మనకు కలిగిన కుదుపు లాంటిదే ఇదీ.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగాయి. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుందని, రామభజనలు చేస్తారని, సింహాద్రి అప్పన్నకు పూజలు జరుగుతాయని మనవాళ్ళు మురిసిపోతూ చెప్పుకుంటూనే ఉంటారు. నేనూ మురిసినదాన్నే. అయితే భాష పోతున్నా అప్పన్నను పోనివ్వకుండా కాపాడింది ఎవరు, ఏ వంటింట్లో, ఎంత పొద్దున లేచి అని ఆ ప్రసంగాల్లో ఎవరైనా అడిగారా? తెలుగు వెలుగుల గురించి మాట్లాడేవాళ్ళకు ఆ వెలుగు కింద ఉన్న పొయ్యి కనిపించదు.

ఒప్పందాల కాలం పోయినా చెరకు తోటల్లో ఆడవాళ్ళు కలుపు తీస్తూ, నరికిన చెరకు ఎత్తుతూనే ఉన్నారు. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్ తోటలో, కూలి రేట్ల కోసం సమ్మెలో ఉన్న వాళ్ళమీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన నలుగురిలో ఒకరు అంజలై కూపెన్. వయసు 32. కడుపుతో ఉంది. ఇప్పుడు ఒక పెద్ద స్టేడియానికి ఆమె పేరు ఉంది. ఆమెను తల్చుకునే ప్రతిచోటా 'గర్భిణి' అనే మాట ముందు వస్తుంది, 'కూలీ' అనే మాట తర్వాత. కడుపులో బిడ్డ లేకపోతే ఆమె చావు ఇంత గుర్తుండేదా అని నాకు అనుమానం.

ఆ కాల్పులు జరిగిన ఐదేళ్ళకే ఓటు వచ్చింది. అంతకుముందు ఆ దీవిలో ఓటర్లు పన్నెండు వేలకు లోపే. ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు. 1947 రాజ్యాంగం ఆ షరతు తీసేసి, దీవిలో వాడే ఏదో ఒక భాషలో చిన్న చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే చాలంది. ఆ భాషల జాబితాలో తెలుగు ఉంది. ఆడవాళ్ళకూ అదే షరతు. 1948 ఎన్నికలకు ఓటర్లు డెబ్బై వేలు దాటారు. రాత్రిపూట బైఠక్‌లలో పలక పట్టుకుని అక్షరాలు దిద్దినవాళ్ళలో చెరకు కోసి వచ్చిన ఆడవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర 1990లలో నెల్లూరు ఆడవాళ్ళు అక్షరం నేర్చుకుని సారా మీద తిరగబడడం చూసినదాన్ని కాబట్టి, ఆ రాత్రి బళ్ళను ఊహించుకోవడం నాకు కష్టం కాలేదు. 1948లోనే ఎమిలీయెన్ రోష్‌కూస్త్ ఎన్నికై, డెనీస్ ద షాజల్ నామినేట్ అయి శాసనమండలిలో తొలి మహిళలయ్యారు. ఇద్దరూ చెరకు తోటల్లోంచి వచ్చినవాళ్ళు కారు.

స్వాతంత్ర్యానికి ముందు ఆ దేశాన్ని చూసిన ఆర్థికవేత్తలకు ఆశ కలగలేదు. తర్వాత నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ మీడ్ 1961 నివేదికలో జనాభా పెరుగుదలను చూసి నిట్టూర్చాడు. ఎగుమతుల్లో తొంభై శాతానికి పైగా ఒక్క చక్కెరే. మలేరియా పోయింది, పిల్లలు బతుకుతున్నారు. ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురికి దగ్గరగా పిల్లలు. పరిష్కారం ఏమిటి? ఆడవాళ్ళు కనడం తగ్గించాలి. క్యాథలిక్ చర్చికి ఒక పద్ధతి, కుటుంబ నియంత్రణ సంఘానికి ఇంకో పద్ధతి. చివరికి ప్రభుత్వం రెండిటికీ డబ్బిచ్చింది. పదేళ్ళలో సగటు సుమారు మూడున్నరకు పడిపోయింది. ప్రపంచంలో అంత వేగంగా జననాలు తగ్గిన దేశాలు అరుదని నిపుణులు మెచ్చుకున్నారు. మన దగ్గర లక్ష్యాలు పెట్టి ఆపరేషన్లు చేయించినట్టు అక్కడ జరగలేదు, అది నిజం. అయినా దేశం పేదరికానికి పూచీ ఆడవాళ్ళ గర్భసంచి మీద పెట్టడంలో మాత్రం తేడా లేదు.

1970లో ఎగుమతుల ప్రత్యేక మండలాల చట్టం వచ్చింది. హాంకాంగ్ పెట్టుబడి, చెరకు తోటల యజమానుల పెట్టుబడి, పన్నుల మినహాయింపులు. కావలసింది చవకైన చేతులు. తొలి సంవత్సరాల్లో ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్ళలో నూటికి ఎనభై మంది ఆడవాళ్ళే. ఎందుకంటే చట్టం ప్రకారం ఆడవాళ్ళ కనీస వేతనం మగవాళ్ళకంటె తక్కువ. వారానికి 45 గంటల పని, దానిపైన 10 గంటల దాకా తప్పనిసరి ఓవర్‌టైము. ఇంకో విడ్డూరం చూడండి: 1984లో మగవాళ్ళకు కూడా ఈ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు రావాలని ప్రభుత్వం అనుకుంది. ఆడవాళ్ళ వేతనం పెంచి సమానం చేయలేదు, ఆ మండలాల్లో మగవాళ్ళ కనీస వేతనాన్నే ఎత్తేసింది! ఉన్ని కోసం గొర్రెలు పెంచని దీవి, ఉన్ని స్వెట్టర్ల ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరసకు చేరింది. 1990ల చివరికి ఈ ఫ్యాక్టరీల్లో దాదాపు తొంభై వేలమంది పనిచేసేవారు. 'ఆఫ్రికా అద్భుతం' అని పత్రికలు రాశాయి.

ఆ ఉద్యోగాలను నేను తీసిపారేయను. తెల్లారి కంపెనీ బస్సెక్కి వెళ్ళే ఆడపిల్ల చేతికి తనదైన జీతం వచ్చింది. తండ్రి ఇల్లు దాటి బయట నలుగురితో మాట్లాడింది. హైదరాబాదు శివార్లలో, విశాఖ పక్కన బట్టల ఫ్యాక్టరీలకు వెళ్ళే మన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు సంతోషం, బాధ రెండూ కలుగుతాయి. అక్కడా అంతే. కానీ ఆ జీతం తెచ్చిన పెళ్ళయిన స్త్రీ చట్టం ముందు ఎవరు? ఫ్రెంచివాళ్ళు వదిలి వెళ్ళిన నెపోలియన్ చట్టం 1808 నుంచీ అమల్లో ఉంది. దాని ప్రకారం భార్య మైనరుతో సమానం. ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నా, ఆస్తి అమ్మాలన్నా భర్త అనుమతి ఉండాలి. గుడిలోనో మసీదులోనో మాత్రమే పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఆ మాత్రం భార్య హోదా కూడా లేదు. భర్త వదిలేస్తే అడిగే దిక్కు లేదు. 1976లో పుట్టిన 'మువ్‌మాన్ లిబెరాస్యోఁ ఫామ్' వంటి స్త్రీల సంఘాలు దీని మీద పోరాడాయి. 1980, 81లలో చట్టం మారింది. అంటే పదేళ్ళకు పైగా ఆ దేశపు ఎగుమతులను చట్టం దృష్టిలో మైనర్లయిన ఆడవాళ్ళు మోశారన్నమాట.

2003లో ఆ దేశంలో ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేశారు. ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు దాదాపు నాలుగున్నర గంటలు, మగవాళ్ళు గంటకు కాస్త ఎక్కువ. తలసరి ఆదాయం లెక్కలో ఆ నాలుగున్నర గంటలు ఎక్కడా లేవు. తర్వాత 2005 నుంచి బట్టల వ్యాపారంలో దేశాలవారీ కోటాలు పోయాయి. హాంకాంగ్ కంపెనీలు ఇంకా చవకైన చేతులను వెతుక్కుంటూ వెళ్ళాయి. అదే సమయానికి యూరప్ చక్కెర ధరను 36 శాతం తగ్గించింది, 2009లో పాత చక్కెర ఒప్పందమే ముగిసింది. తోటల్లో కూలీలకు కొంత డబ్బు, చిన్న ఇంటి స్థలం ఇచ్చి స్వచ్ఛంద విరమణ అన్నారు. నలభై ఐదేళ్ళ వయసులో మిషను దగ్గర నుంచి లేపేసిన ఆడవాళ్ళకు హోటళ్ళలో, బ్యాంకుల్లో కొత్త ఉద్యోగాలు ఎవరిస్తారు? మిగిలిన ఫ్యాక్టరీల్లోకి చైనా, ఇండియా, బంగ్లాదేశ్, మడగాస్కర్‌ల నుంచి గడువు ఒప్పందాల మీద కూలీలు వచ్చారు. వాళ్ళకు కంపెనీ వసతి గృహాలు. ఒప్పంద కూలీలు ఓడ దిగిన పోర్ట్ లూయీ మెట్లను 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడికి దగ్గరలోనే విమానాలు దిగిన కొత్త ఒప్పంద కూలీలు స్వెట్టర్లు కుడుతున్నారు.

ఇక నా పట్టికలో ఎప్పుడూ రాయని గడి ఒకటి ఉంది. మారిషస్‌కు ఈశాన్యాన, హిందూ మహాసముద్రం మధ్యలో చాగోస్ దీవులు. అక్కడి ఆర్థిక వ్యవస్థ అంతా కొబ్బరి. ఎండు కొబ్బరి, నూనె. ఆడమనిషి రోజు పని 1,200 కొబ్బరికాయలు కొట్టి కొబ్బరి తీయడం. 1965లో, స్వాతంత్ర్యం ఇవ్వడానికి ముందే, బ్రిటన్ ఈ దీవులను మారిషస్ నుంచి విడదీసి మూడు మిలియన్ల పౌండ్లు చేతిలో పెట్టింది. పెద్ద దీవి డీగో గార్సియాను అమెరికా సైనిక స్థావరానికి ఇచ్చింది. 1968 నుంచి 1973 లోపల అక్కడి పదిహేను వందల నుంచి రెండు వేలమంది మనుషులను తరిమేశారు. వాళ్ళ కుక్కలను పొగపెట్టి చంపారు. పోర్ట్ లూయీ మురికివాడల్లో వదిలేసిన ఆ మనుషులకు అక్కడ పని లేదు. 1,200 కొబ్బరికాయలు కొట్టే నైపుణ్యాన్ని కొనేవాళ్ళు ఎవరూ లేరు.

పోరాటానికి ముందు నిలబడింది ఆడవాళ్ళు. షార్లేసియా అలెక్సిస్, లిజెట్ తలాత్, రీటా బాంకూల్. మగవాళ్ళను పోలీసులు కొడతారు, మనల్ని కొట్టడానికి కాస్త జంకుతారని ముందుకొచ్చారు. నిరాహారదీక్షలు చేశారు, 1981లో రోడ్ల మీద కూర్చున్నారు, అరెస్టయ్యారు. 1982లో బ్రిటన్ నాలుగు మిలియన్ల పౌండ్లు ఇవ్వక తప్పలేదు. డబ్బు తీసుకునేటప్పుడు ఇంగ్లీషులో ఉన్న కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. తిరిగి వెళ్ళే హక్కు వదులుకుంటున్నామని వాటిలో ఉందని చాలామందికి తర్వాతే తెలిసింది. ఆ వేలిముద్రల సంగతి చదివినప్పుడు కోరంగి రేవు నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చట్టబద్ధం కాదని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం ప్రకారం దీవుల మీద సార్వభౌమత్వం మారిషస్‌ది. డీగో గార్సియా స్థావరం 99 ఏళ్ళ లీజు మీద బ్రిటన్ చేతిలోనే. లీజు కింద సగటున ఏటా 101 మిలియన్ల పౌండ్లు. ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో జనాన్ని మళ్ళీ స్థిరపరచడానికి మారిషస్‌కు వీలుంటుంది, డీగో గార్సియాలో ఉండదు.

లిజెట్ తలాత్ డీగో గార్సియాలో పుట్టింది. తరిమేసిన కొద్దికాలానికే ఇద్దరు పిల్లలను పోగొట్టుకుంది. ఇంకో నలభై ఏళ్ళు కోర్టుల చుట్టూ, రోడ్ల మీద తిరిగి 2012 జనవరిలో పోర్ట్ లూయీలోనే చనిపోయింది.